పాట రెండో సగం

“మళ్ళీ వచ్చాడమ్మా చెవిటి తాత,” అన్నాడు వాచ్‌మన్.

డైరెక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

దేశమంతా ఎరిగిన పాట ఒకటుంది. పెళ్ళయినా, బంతాటలో గెలిచినా, జనం గంతులేసేది ఆ పాటకే. దాని అతి పాత రికార్డు ఈ సంగీత భాండాగారంలోనే ఉంది. స్ప్రింగుతో తిరిగే రికార్డింగు పెట్టె పట్టుకుని ఊరూరా పాటలు సేకరించిన ఒక పెద్దమనిషి దాన్ని తయారుచేశాడు. అందులో ఎవరో ఆడపిల్ల సన్నని గొంతుతో గబగబా పాడుతుంది. పాట సగంలో ఉండగానే రికార్డు అయిపోతుంది.

ఆ పిల్ల ఎవరు? మిగతా సగం ఏమిటి? అసలీ సంగీతం ఎక్కడ పుట్టింది?

డైరెక్టరమ్మ జీవితం ఈ ప్రశ్నలకే సరిపోయింది. ఆడపిల్లల గంతులాటలోనే దేశ సంగీతం పుట్టిందని లావుపాటి పుస్తకం కూడా రాసింది. ఇక ఆ పిల్ల, అంటే ఈపాటికి బామ్మ, దొరికి మిగతా సగం పాడితే చాలు. పాట మాటలు పేపర్లో వేయించి, పాడినవాళ్ళు బతికుంటే రమ్మని ప్రకటన ఇచ్చింది.

ఎందుకిచ్చానురా దేవుడా అని ఆ మర్నాటి నుంచీ మొత్తుకుంటోంది.

ఒకటే బామ్మలు! ఒకావిడ సినిమా పాట అందుకుంది. ఇంకొకావిడ పాడనే లేదు, కోడలి మీద చాడీలు చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళింది. పోనీ, వాళ్ళు ఆడవాళ్ళయినా అయ్యారు. ఈయన మగాడు!

“తాతగారూ, ఎన్నిసార్లు చెప్పాలి! అది ఆడపిల్ల గొంతు!” ఆయన చెవి దగ్గర అరిచింది.

“ఆడపిల్లా? రేవులో ఆడపిల్లలెక్కడమ్మా? దుంగలు లాగే చోటికి వాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు.”

“రేవేంటి? దుంగలేంటి? అది గంతులాట పాట!”

“అప్పటికి నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఒకాయన పెట్టె తెచ్చి పాడమన్నాడు. సగంలో పెట్టె ఆగిపోయింది. మిగతాది రేపు అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదమ్మా.”

ఆవిడ విసురుగా హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకి తగిలించి, రికార్డు పెట్టింది. “వినండి! ఇది మీ గొంతేనా?”

తాత కాసేపు కళ్ళు చికిలించి కూర్చున్నాడు.

“నాకేం వినపడట్లేదు తల్లీ. పేపర్లో మాటలు మాత్రం మా మనవరాలు చూపించింది. అవి మా మాటలే.”

ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

“పేపర్లో చూసి ఎవరైనా చెప్తారు!”

“రెండో సగం పేపర్లో లేదుగా. మమ్మల్ని ఏయే ఊళ్ళ నుంచి పట్టుకొచ్చి ఇక్కడ పనికి పెట్టారో, ఆ ఊళ్ళ పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. నాతో లాగినవాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు. నేనూ పోతే ఆ పేర్లు చెప్పే నాథుడుండడు. ఒక్కసారి వినమ్మా.”

అడక్కుండానే పాట ఎత్తుకున్నాడు. మాట మాటకీ ఆగుతాడు. మూలుగుతాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంటాడు.

గుమాస్తాలు పని మానేసి చూస్తున్నారు. “ఇలా పాడితే గంతులేసేవాళ్ళు గాల్లోనే నిద్రపోతారు,” అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

“ఆపండి!” అంది డైరెక్టరమ్మ.

చెవుడాయె, ఆపలేదు. వాచ్‌మన్ వచ్చి భుజం తట్టాడు.

“అయ్యో, రెండో సగానికే వస్తున్నాను!”

“ఇంకోసారి ఈయన్ని లోపలికి రానిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది,” అని వాచ్‌మన్‌తో అనేసి ఆవిడ తలుపు వేసుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి మరి.

ఆ తర్వాత కొన్నాళ్ళు తాత గేటు బయట కనిపించాడు. తర్వాత కనిపించలేదు.

ఒక రోజు ఆయన మనవరాలు వచ్చింది.

“తాతయ్య పోయారండీ. ఇక్కడ మిమ్మల్ని విసిగించారట కదా, ఏమీ అనుకోకండి.”

“అయ్యో! చివర్లో ఏమైనా చెప్పారా?”

“ఏదో పాడారు. మేమంతా ఏడుపులో ఉన్నాం, ఎవరం వినిపించుకోలేదు.”

డైరెక్టరమ్మ పైకి అయ్యో అన్నా, మనసులో హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు కాస్త సిగ్గూ పడింది.

ఆ వారంలోనే రికార్డు తిప్పే యంత్రం మొరాయించింది. మెకానిక్ వచ్చి, విప్పి, బిగించి, ఆ పాటే పెట్టి చూశాడు.

“ఉండండమ్మా, బెల్టు వదులుగా ఉన్నట్టుంది. నెమ్మదిగా తిరుగుతోంది. బిగిస్తాను.”

“ముట్టుకోకు!”

ఆవిడ కేకకి మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

పాట ముందు ‘పాడు’ అని ఒక మాట వినిపిస్తుంది. అది ఎవరో సహాయకురాలి గొంతని అందరూ అనుకునేవారు. ఇప్పుడు నెమ్మదిగా తిరుగుతుంటే అది మగగొంతు. ఆ సేకరించిన పెద్దమనిషిదే. ఆయన మాట్లాడిన రికార్డులు ఎన్నో విన్నది, ఆ గొంతు పోల్చుకోలేదా?

అంటే ఆనాడు ఆయన పెట్టెలో స్ప్రింగు నీరసించి నెమ్మదిగా తిరిగింది. దాన్ని ఇన్నేళ్ళూ మామూలు వేగంతో తిప్పి, గొంతు సన్నబడితే ఆడపిల్ల అన్నారు. పాట పరుగెడితే గంతులాట అన్నారు. బరువు లాగలేక మూలిగిన మూలుగులకి దేశం దేశమంతా ఎగిరి గంతులేసింది.

డైరెక్టరమ్మ రికార్డు మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

మాట మాటకీ ఆగుతూ, మూలుగుతూ, మళ్ళీ అందుకుంటూ పాడుతున్నది చెవిటి తాతే; రెండో సగానికి వచ్చేసరికి రికార్డు అయిపోయింది.