లచ్చమ్మ నులక మంచం

“ఇంకా గుంజు బిడ్డా. నడుమ వదులుగనే ఉన్నది.”

భిక్షం మంచంకోడుకు కాలు తన్నిపెట్టి నులక తాడు లాగాడు. ఈ మంచం బిగించడం అతనికి రోజూ ఉన్న పనే. తాటిచెట్ల మీంచి కల్లుకుండలు, ఆ లొట్లు, దిగే సాయంత్రం వేళకు లచ్చమ్మ పిలవాలి, అతను రావాలి. రెండేళ్లుగా ఇదే వరస.

“ఏం నులక తెచ్చినవవ్వా! నిన్ననే బిగిస్తి. మల్ల ఉయ్యాల లెక్కనే అయింది.”

“పాతది గద. గుంజు.”

కొడుకు పోయిన ముసలిదానికి సాయంత్రం పూట పక్కన మనిషి కావాలి, మంచం ఒక సాకు అనుకునేవాడు భిక్షం. ఆమె కొడుకు రాజయ్య, తనూ ఒకే ఈడువాళ్లు. దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి తిరిగారు. గడ్డివాములో దాక్కున్న రాజయ్యను నైజాం పోలీసులు నేరుగా వచ్చి పట్టుకుని కాల్చేశారు. ఆ చోటు ఎవరు చెప్పారో ఊరికి తెలియలేదు. మూడోనాడు కల్లుగీసే సాంబయ్య వచ్చి లచ్చమ్మతో చాలాసేపు మాట్లాడి పోయాడు. ఆ తర్వాత ఆమె ఏడవనూ లేదు, ఎవరినీ ఏమీ అడగనూ లేదు. గుండె బండబారిందన్నారు జనం. భిక్షం మాత్రం ఆనాటి నుంచి ఆమెకు కొడుకయ్యాడు.

పక్కింటి యాకమ్మ పరుగున వచ్చింది.

“భిక్షమన్నా! పోశాలుగాడు తాటివనంల కల్లు అమ్మే మండువకాడ కూసున్నడు. దొర గడి గుమస్తా పోరగాళ్లకు ఊకెనే పోపిస్తున్నడు!”

భిక్షం చేతిలోంచి తాడు జారిపోయింది. పద్దెనిమిదేళ్ల పోశాలు ఆ పొద్దున్నే జొన్నచేలో దాగిన సంఘం దళానికి సద్ది మోసి వచ్చాడు. అక్కడ ఏడుగురున్నారు. కొడకండ్ల దారిలో పోలీసు క్యాంపు ఉంది. దొర గుమస్తా ఊరికే కల్లు పోయిస్తున్నాడంటే ఎందుకో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“నేను పోయి గుంజుకొస్త.”

లచ్చమ్మ అతని చేయి గట్టిగా పట్టుకుంది. “నువ్వు మండువకు పోవద్దు. నేను పోత.”

“నన్నేం జేస్తరవ్వా?”

“పోవద్దంటి గద!”

ఎన్నడూ గొంతు పెంచని మనిషి. చివరికి ఇద్దరూ బయల్దేరారు. తాటివనం మొదట్లోనే అతన్ని నిలబెట్టి ఆమె ఒక్కతే లోపలికి నడిచింది. భిక్షం ఒక చెట్టు చాటు నుంచి చూశాడు. పోశాలు చేతిలో కల్లు నిండిన తాటాకు రేక ఉంది. గుమస్తా అతని భుజం మీద చెయ్యేసి అడుగుతున్నాడు.

“పొద్దుగాల సద్ది ఎవలికి కొంచవోయినవ్ రా?”

పోశాలు నవ్వుతూ నోరు తెరిచాడు.

“ఓరి పోశాలూ! నా ఎద్దు పగ్గం తెంపుకున్నది. లెవ్!” లచ్చమ్మ వాడి చెవి పట్టుకుంది.

“ఉండనియ్యే ముసల్దానా, ఇంకో రేక తాగి వస్తడు.”

“ఎద్దు పోయి దొర చేన్ల పడితే జవాబు నువ్వు చెప్తవా?”

గుమస్తా పోశాలు భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

వాళ్లు ఇల్లు చేరేసరికి యాకమ్మ లేదు. చోటు మార్చమని దళానికి చెప్పడానికి గంప నెత్తినెత్తుకుని జొన్నచేల వైపు పోయింది. పోశాలు మాత్రం వాకిట్లో నిలబడి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

“ఒక్క రేకనే అన్నా! నేనేమన్న చెప్పిన్నా?”

“తాగినోనికి ఏం చెప్పిండో ఎరికుంటదార? తెల్లారినంక పీనుగ లేస్తే ఎరికైతది!”

“నువ్వు సుక్క ముట్టనోనివి. నీకెట్ల ఎరుక?”

భిక్షం లచ్చమ్మ వైపు చూశాడు. చెప్తే ఈ వాకిలి తనకు ఇక ఉండదు. చెప్పకపోతే వీడు రేపు మళ్లీ మండువకు పోతాడు. రేపు కాకపోతే ఎల్లుండి ఆ ఏడుగురూ పోతారు.

“నేనే చెప్పిన కాబట్టి,” అన్నాడు. “రాజయ్య గడ్డివాముల ఉన్నడని చెప్పింది నేనేరా. నాలుగు రేకలు తాగి, మా దోస్తు పోలీసుల కండ్లల్ల కారం కొట్టి గడ్డివాముల పండుకున్నడని మండువల గొప్పలు చెప్పిన. గొప్పలే. పైస ఆశ లేదు, పగ లేదు. తెల్లారి రాజయ్య లేడు.”

పోశాలు ముఖంలో నవ్వు పోయింది. మత్తూ దిగింది.

భిక్షం లచ్చమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “కొట్టు అవ్వా. ఎల్లగొట్టు. నీ కొడుకును మింగి, నీ చేతి బువ్వ తిన్న.” రెండేళ్లు దాచిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

 లచ్చమ్మ వంగి, మంచానికి వేలాడుతున్న నులక కొస తీసి పోశాలు చేతిలో పెట్టింది.

“రేపటి సంది లొట్లు దిగే యాళ్లకు నువ్వు గూడ రా.”

భిక్షం తలెత్తి చూశాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

“నాకెరికే బిడ్డా, గందుకే గీ మంచం రోజూ నేనే ఇప్పుతున్న.”