క్యాంపస్‌లో నాయిన

“కార్డు లేకుంటే లోపలికి పోనియ్యరమ్మా. గిది క్యాంపస్,” అన్నాడు పరశురాములు, గేటుకు అడ్డంగా నిలబడి.

నర్సింగమ్మ చేతిలోని అన్నం గిన్నెను చంకకు మార్చుకుని కొడుకు ముఖంలోకి చూసింది. కన్నకొడుకే సెక్యూరిటీ బట్టలు తొడుక్కుని కన్నతల్లిని గేటు దగ్గర ఆపితే ఏ తల్లికి మనసు చివుక్కుమనదు? అందులోనూ ఆరోజు పెత్తరమాస. చనిపోయిన పెద్దల సమాధుల దగ్గర ఇంత వండి పెట్టుకునే రోజు. ఆమె భర్త సమాధి ఈ గోడ లోపలే ఉంది. వాళ్ల చెలక, ఆ మెట్టచేను, యూనివర్సిటీ కిందికి పోయినా, సమాధి జోలికి రామని పెద్దసార్లు అప్పట్లో మాటిచ్చారు. పరశురాములుకు ఈ నౌకరీ కూడా ఇచ్చారు.

“పోయినేడు పోనిచ్చిన్రు గదరా?”

కొత్త రూలు వచ్చిందన్నాడు. బయటివాళ్లు క్యాంపస్‌లోకి రాకూడదట.

క్యాంపస్ అన్న మాట ఊళ్లో అందరి నోళ్లలోనూ ఎప్పుడో నానిపోయింది. నల్గొండ నుంచి వచ్చే ఆటోవాళ్లు క్యాంపస్, క్యాంపస్ అని కేకలేసి జనాన్ని ఎక్కించుకుంటారు. కలుపు తీసిన ఆడవాళ్లే ఇప్పుడు క్యాంపస్‌లో ఊడ్చే పనికి పోతున్నామని గొప్పగా చెప్పుకుంటారు. నర్సింగమ్మ ఒక్కతే ఇంకా మా చెలక అంటుంది. మొండిఘటం.

“క్యాంపస్ అంటే ఏందిరా అసలు?” అని అడిగింది.

“యూనివర్సిటీ జాగంత క్యాంపసేనమ్మా. క్లాసులు, హాస్టళ్లు, చెట్లు, బాటలు, గోడ లోపల ఏమున్నా క్యాంపసే.”

“మీ నాయిన గూడనా?”

పరశురాములు తల దించుకున్నాడు. “ఆఁ. నాయిన గూడ.”

నర్సింగమ్మ గిన్నె మీద గుడ్డ సర్ది కొడుకు చేతిలో పెట్టింది.

“తలకాయకూర వండిన. సల్లారకముందే పెట్టు.”

గిన్నె ఇంకా వేడిగానే ఉంది. దాన్ని పట్టుకుని లోపలికి నడుస్తుంటే పరశురాములుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎక్కడ పెడతాడు? మొన్న ఎండాకాలంలో హాస్టల్‌కు రోడ్డు వేస్తూ సమాధిని చదును చేసేశారు. అడ్డుపడితే నౌకరీ పోతుందని అతను కళ్లప్పగించి చూస్తూ ఊరుకున్నాడు. ఆ సంగతి తల్లికి చెప్పే ధైర్యం లేకే, పాపం, లేని రూలొకటి పుట్టించాడు.

వెనక నుంచి తల్లి పిలిచింది. తడి కళ్లు కనిపించకుండా, తల తిప్పకుండానే ఏమిటన్నాడు.

“రోడ్డు మీద పెట్టకు కొడకా, బండ్లు తొక్కుతయి. జర పక్కకు పెట్టు.”