గోరంత పగులు

పొద్దున్నే మొదటి విమానాన్ని బయల్దేరే ముందు తనిఖీ చేస్తుంటే, ఎడమ చక్రాన్ని మోసే ఉక్కు కాలి మీద గోరంత పగులు విమానాల మెకానిక్ అయిన ఆమె కంటపడింది. గుడ్డతో తుడిచి చూసింది. మరక కాదు.

"అది పెయింటు మీద గీతమ్మా. పోయిన నెలేగా పరీక్ష చేశాం," అని పెద్ద ఇంజనీరు ఆమె చేతిలోని తనిఖీ కాగితం లాక్కుని, విమానం ఎగరొచ్చని తానే సంతకం పెట్టేశాడు.

ఆ విమానం నడిపేది ఆమె సొంత తమ్ముడు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒరేయ్, నా మాట విను. అది పగులే. నడపనని చెప్పెయ్."

వాడు ఒక్క క్షణం ఆగాడు. "ఆయన సంతకం పెట్టాక నేను కాదంటే ఊరుకుంటారా అక్కా? నీదంతా చాదస్తం," అని చెయ్యి విడిపించుకుని ఎక్కేశాడు.

విమానం గాల్లో ఉన్న రెండు గంటలూ ఆమె షెడ్డు గోడకు ఆనుకుని నిలబడే ఉంది. తన మాట తప్పయితే చాలునని మొక్కుకుంది.

ఫోన్ మోగింది.

"దూదిలా దిగాం అక్కా! ఊరికే హడలగొట్టావు."

ఆమె కూలబడి ఏడ్చేసింది. కాసేపటికి తేరుకుని, "కిందికి దిగి ఆ పగులు ఎంతయిందో చూడరా," అంది.

"ఇంకా చూసేదేముంది? పగులే అయితే ఈపాటికి విరిగేది కాదూ? పెద్ద ఇంజనీరుకు చెబితే ఫోన్‌లో ఒకటే నవ్వు. తిరుగు ప్రయాణానికి జనం ఎక్కేశారు. ఉంటానక్కా."

పొద్దున ఆమె మాటకు తమ్ముడైనా ఒక్క క్షణం ఆగాడు. క్షేమంగా దిగాక, ఇక ఆగేవాళ్ళెవరూ లేరు.