చీమ దూరని పెట్టె

"నా చేత్తోని చేసిన డబ్బకు నేనే చిల్లులు కొట్టాల్నా? ఆ పని నాతోని కాదు బిడ్డా!" అంటూ బుచ్చన్న రేకు పెట్టెను యామిని ముందుకు నెట్టాడు.

యామినికి ఏడుపొక్కటే తక్కువ. జానెడున్నర పొడవు, జానెడు ఎత్తు, చూడముచ్చటైన పెట్టె. దీని కోసం వారం రోజులుగా ఈ రేకుల కొట్టు చుట్టూ తిరుగుతోంది. మొదటిసారి బుచ్చన్న అంచులు లోపలికి మడిచాడు. అర అంగుళం తేడాతో కంప్యూటర్ బోర్డు లోపలికి దిగలేదు. రెండోసారి నాలుగు వైపులా మాటు వేసి, పైన తాళానికి కొండీ కూడా పెట్టి ఇచ్చాడు. తీగలు బయటికి వచ్చే దారే లేదు. ఇది మూడోది. తీగలకు దారి దొరికింది గానీ గాలికి దొరకలేదు.

"గాలి ఆడకుంటే లోపల సామానంత కాలిపోతది కాకా. గంట గూడ నడవదు."

"ఎందుకు కాలుతది? నేను చేసిన గుమ్మిల జొన్నలు పోస్తే మూడేండ్లు ఉంటయి. పురుగు పట్టదు, చీమ దూరదు. పాన్‌గల్ కాడికెల్లి ఆత్మకూరు దాంక ఎవల్నన్న అడుగు."

"ఇవి జొన్నలు కావు కాకా!"

"జొన్నలు గాకుంటే సజ్జలు. డబ్బ డబ్బనే."

యామిని తల పట్టుకుంది. రేపు పొద్దున శాంతయ్య సావుకారి యామిని ఇంటికి వస్తానన్నాడు. ఆమె కంప్యూటర్‌లో గీసిన చీర కొంగు బొమ్మ ఆయనకు నచ్చితే, ఇకపై ఆయన మగ్గాలన్నింటికీ బొమ్మలు గీసే పని ఆమెదే. పిల్లను వదిలి గడప దాటక్కర్లేని పని. కంప్యూటర్‌తో వచ్చిన పెద్ద పెట్టె ఇంట్లో మగ్గం పక్కన పట్టలేదని సామానంతా విప్పి చెక్క పలక మీద పరిచింది. అదే ఆమె ప్రాణానికి వచ్చింది. నాలుగేళ్ల శ్రీజకు ఆ పలక మీద వెలిగే పచ్చ దీపం కనిపిస్తే చాలు, వేలు అటే పోతుంది. నిన్న వెంట్రుకవాసిలో తప్పింది. అప్పటి నుంచి యామిని గుండె గుండెలో లేదు.

"నా బిడ్డ వేలు పెడితే ఎవలు జిమ్మేదారి కాకా?"

"మరి చిల్లులు కొడితే అండ్ల పెట్టదా వేలు?"

"వేలు పట్టని చిల్లులు కొట్టు. పెసరగింజంత. పై మూతకే కొట్టు, వేడి పైకే పోతది."

"ఇంతసేపు చిల్లులంటివి. ఇప్పుడు కొలతలు గూడ చెప్తున్నవు. అయినా పండుగ పూట ఎవలన్న ఇనుము ముట్టుకుంటరా? నీ పరేషాన్ చూడలేక కొట్టు తెరిస్తి."

యామిని చటుక్కున వంగింది. కింద పడి ఉన్న మేకు తీసింది, సుత్తె అందుకుంది, మూత మీద ఆనించి ఒక్క దెబ్బ వేసింది. మేకు జారింది. నున్నటి రేకు మీద పెద్ద సొట్ట పడింది.

బుచ్చన్నకు ఆ సొట్ట తన ఒంటి మీదే పడినట్టయింది. "అరే, ఆగవే తల్లీ! మేకు గట్ల పట్టుకుంటరా? డబ్బను సంపుతున్నవు!" అని సుత్తె లాక్కున్నాడు. కింద చెక్క దిమ్మ పెట్టుకుని, గొణుక్కుంటూనే కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టనంటే కొట్టనన్న మనిషి, తీరా సుత్తె పట్టాక ఒక్క చిల్లు కూడా వంకర పోనివ్వలేదు. వరసకు ఆరు చొప్పున ఆరు వరసలు, మగ్గం మీద పోగుల్లా తీరుగా వచ్చాయి.

"ఇగ తీస్కపో. చీమలు కాపురం పెడ్తయి. నేను చేసిన్నని మాత్రం ఎవలకు చెప్పకు," అన్నాడు.

యామిని పెట్టెను చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. శ్రీజ లేదు. వాళ్ల అవ్వ ఎటో తీసుకుపోయింది. ఇదే సమయమని బోర్డు కింద అట్టముక్కలు పెట్టి, అది రేకుకు తగలకుండా బిగించింది. ఫ్యాను బిగించింది. ఒక మర చేజారి మగ్గం గుంటలో పడితే, గుంటలోకి దిగి చీపురుపుల్లతో వెతికి తీసింది. అన్నీ పూర్తయ్యాక, దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కింది.

ఫ్యాను తిరిగింది. స్టూలు మీది తెర వెలిగింది. మామిడిపిందెల కొంగు పూర్తిగా కనిపించింది.

చిల్లుల మీద అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చటి గాలి తగిలింది. చిటికెన వేలు దూర్చబోయింది. గోరు కూడా దిగలేదు. హమ్మయ్య అనుకుంది. అయినా భయం పోక, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, వైరు చుట్టి అటక మీద పెట్టింది. పెట్టెను మగ్గం పక్కన పీట మీద ఉంచి, చాయ్ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లింది.

"యామినీ, వచ్చినమే!" అని వాకిట్లో నుంచి అత్త హన్మమ్మ గొంతు వినబడింది.

"అత్తమ్మా, శ్రీజ పీట కాడికి పోతున్నదేమో చూడు!"

"పోతే ఏంది, కరుస్తదా?"

"ఇంతకుముందైతే కరిచేది. ఇప్పుడు కరవదులే, వేలు గూడ దూరదు!" అని యామిని నవ్వింది. వారంలో అదే మొదటి నవ్వు. అత్త కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు, వెనకే శ్రీజ చప్పట్లు వినిపించాయి. పోనీలే, ఆడుకోనీ అనుకుంది. చాయ్ పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది, తీరిగ్గా.

శ్రీజ ఉరుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. నుదుట పసుపుబొట్టు, చేతిలో బోర్లించిన ఖాళీ చెంబు.

"అమ్మా! అవ్వ చూపిచ్చిన నాగన్న పుట్టకు ఒక్కటే బొక్క ఉండె. మనింట్ల కొత్త పుట్టకు ఎన్ని బొక్కలో! మిగిలిన పాలన్ని పోసిన!"