ఇంటికో సూర్యుడు

ఊరు మళ్ళీ కూలిపోయింది. ఆ ఆన్‌లైన్ ఆటలో, ఇచ్చిన నిబంధనలను బట్టి ఊళ్ళను కంప్యూటరే కట్టేస్తుంది. జనం అందులో ఇళ్ళు కొనుక్కుని కాపురాలు పెడుతున్నారు. రేపు పొద్దున్నే గృహప్రవేశాలు. ఈలోగా ఊరు నిలబడకపోతే ఆ ప్రోగ్రాం చూసుకునే చిత్రలేఖ ఉద్యోగం ఊడుతుంది.

"ఏం మార్చారు సార్?" అని మేనేజరు మంగపతిని నిలదీసింది.

"నేనేం ముట్టుకోలేదమ్మా. దక్షిణం వాకిలి ఇళ్ళు ఎవరూ కొనట్లేదని, అవి రాకూడదని ఒక్క నిబంధన పెట్టాను, అంతే."

"వీధికి రెండువైపులా ఇళ్ళుండాలని ముందే ఓ నిబంధన ఉంది. ఉత్తరం వాకిలికి ఎదురిల్లు ఎటు చూస్తుంది సార్?"

మంగపతి నాలుక్కరుచుకున్నాడు. "అయినా వాస్తు తీసేస్తే కొన్నవాళ్ళు నన్ను తంతారు. నువ్వే ఏదోటి చెయ్యి తల్లీ."

చిత్రలేఖ కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత ఇళ్ళను వదిలేసి సూర్యుణ్ణి పట్టుకుంది. ఎవరి వాకిలి ఎదురుగా వాళ్ళకు పొద్దు పొడిచేలా ఇంటికో సూర్యుణ్ణి ఇచ్చింది. దాంతో అన్నీ తూర్పు వాకిళ్ళే అయ్యాయి. ఊరు నిలబడింది.

పొద్దున్నే ఇంటింటా పాలు పొంగాయి. ఆ వెంటనే మొదటి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, ఎదురింటివాళ్ళ సూర్యుడు మా పెరట్లోంచి లేస్తున్నాడు. మేం స్నానాలు చేసుకోవద్దా?"