త వత్తుల గడి

"సార్, త వత్తులు అయిపోయినాయి."

మునిరాజు ఆ మాట అనడం ఆ ఉదయం మూడోసారి.

రంగనాథం కుర్చీలోంచి లేచాడు. మద్రాసు చూలైలోని ఆ అచ్చు ప్రెస్సుకి ఫోర్‌మన్‌గా వచ్చి రెండు నెలలైంది. ఉద్యోగం ఖాయమా, ఇంటికా అన్నది ఈ వారంలో తేలిపోతుంది.

తేల్చేది నాలుగో తరగతి తెలుగు వాచకం. శుక్రవారం సాయంత్రానికి కట్టలు సాల్ట్ కొటార్స్ స్టేషన్లో గూడ్సు బండి ఎక్కాలి. ఈ 1954 జూన్‌లో బడులు తెరిచేసరికి అవి ఆంధ్రలో పిల్లల చేతుల్లో ఉండాలి.

ఇవాళ మంగళవారం. ఇంకా నలభై పేజీలకి సీసపు అక్షరాలు కూర్చాలి.

"వత్తులు అయిపోతే నన్ను పోతపోయమంటావా? వెతుక్కో! ఆగిన చెయ్యి కనిపించిందా, ఆ పూట హాజరు లేదు!"

ఎనిమిది మంది కంపోజిటర్లు తలలు వంచుకున్నారు.

"మీ పాత ఫోర్‌మన్ కృష్ణస్వామి మిమ్మల్ని నెత్తికెక్కించుకున్నాడు. చివరికేమైంది? చేతులు వణికి, కూర్చిన పేజీల ఫారం కింద పడేసుకున్నాడు. ఉగాది పంచాంగాలు పండగ మర్నాడు వెళ్ళాయి. ఉద్యోగం ఊడింది. నేను కృష్ణస్వామిని కాను!"

కాగితాలు మడిచే అమ్మణి మునిరాజు వైపు చూసింది. మునిరాజు నేల వైపు చూశాడు.

భోజనాల వేళ అమ్మణి ఎక్కడికో వెళ్ళి వచ్చింది.

ఆ తర్వాత కాసేపటికి పెరటి వాకిట్లో ఒక ముసలాయన నిలబడ్డాడు. చంకలో గొడుగు.

"పనేమైనా ఉందా సార్?"

ఎనిమిది మంది చేతులూ ఒక్కసారి ఆగాయి.

"కంపోజింగ్ వచ్చా?" అడిగాడు రంగనాథం.

"అక్షరాలు గళ్ళలో వేయడం వచ్చు."

"పేరు?"

"పని చూసి అడగండి సార్."

రంగనాథం విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఆ మూల కూర్చో పెద్దాయనా. అడ్డం రాకు."

ఆ మూల బల్ల కింద, అచ్చయిపోయిన పేజీలు కట్టిన దారం కట్టినట్టే గుట్టగా పడున్నాయి. విప్పి ఏ అక్షరాన్ని ఆ అక్షరపు గడిలో వేస్తేనే మళ్ళీ వాడుకోవడం కుదురుతుంది. కానీ విప్పడానికి కూర్పు ఆపితే హాజరు పోతుంది. ఎవరు విప్పుతారు?

ముసలాయన నేలమీద కూర్చుని ఒక దారం లాగాడు. వేలితో తడిమి, చూడకుండానే ఒక్కో సీసపు అక్షరాన్నీ గడిలోకి వేశాడు. టిక్. టిక్. టిక్. ఒక్కటీ గడి తప్పలేదు.

గంటలో మునిరాజు ముందున్న గళ్ళ కేసు నిండింది.

"వత్తులు ఈడనే ఉండాయి సార్," అన్నాడు మునిరాజు. "బల్ల కింద."

రంగనాథం ముసలాయన దగ్గరికి వెళ్ళాడు.

"వీళ్ళలో ఇద్దర్ని నీ పక్కన కూర్చోబెడితే?"

"ఆరుగురే కూరుస్తారు సార్. కానీ ఆగరు."

"ఎనిమిది మంది చేస్తేనే పని వెనకబడిందయ్యా! ఎంత అడిగినా వీళ్ళు కదలరు."

"అడుగుతున్నారు సార్. వాళ్ళ గళ్ళలో ఏముందో చూశారా?"

రంగనాథం ముఖం ఎర్రబడింది.

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. ముసలాయన పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఎట్లా పట్టుకోవాలో చూపించు."

"అయ్యో, సార్! తెల్ల ప్యాంటు!" అమ్మణి కేకేసింది. "ఆ మసి వదలదు!"

"నన్నే వదలడం లేదు మీరు, ప్యాంటుదేముంది!"

రెండు నెలల్లో మొదటిసారి ఆ గదిలో నవ్వు వినిపించింది.

బుధవారం పొద్దున్నే హాజరు బెదిరింపు మాయమైంది. కూర్పులో నెమ్మదైన ఇద్దరు, కళ్ళు చురుకైనవాళ్ళు, నేలమీదికి వచ్చారు. రంగనాథం గంటకోసారి కేసు కేసుకీ తిరిగాడు. ఇప్పుడు అడిగేది ఒక్కటే.

"నీకేం తక్కువైంది?"

"ధ తక్కువ సార్!"

"ఇదిగో."

"అది ద సార్!"

ముసలాయన నవ్వకుండా దాన్ని తీసి సరైన గడిలో వేశాడు.

బుధవారానికి ఇరవై పేజీలు. గురువారం మధ్యాహ్నానికి నలభై. రాత్రి పాళీ లేకుండానే శుక్రవారం పదింటికి చివరి ఫారం అచ్చయింది. పన్నెండుకల్లా కట్టలన్నీ బండెక్కాయి.

"ఫోర్‌మన్ సార్‌కీ..." అని మునిరాజు అరిచాడు.

"జే!" ప్రెస్సు దద్దరిల్లింది. నలుగురు రంగనాథాన్ని ఎత్తేశారు.

ఎప్పుడూ ముందుగది దాటి రాని యజమాని పరంధామయ్య లోపలికి వచ్చాడు.

"ఒక పూట ముందే! భేష్! కృష్ణస్వామికి చేతకానిది నువ్వు చేశావు. ఉద్యోగం ఖాయం."

"నా ఒక్కడి వల్ల కాలేదండి. ఆ మూల..."

మూల ఖాళీగా ఉంది. గొడుగు లేదు. గళ్ళన్నీ నిండుగా ఉన్నాయి.

"పెద్దాయన ఏడీ? పేరైనా అడగలేదే! ఆయన్ని నా పక్కనే పెట్టుకోవాలి."

"ఇంక రారు సార్," అంది అమ్మణి.

మునిరాజు ముందుకు వచ్చాడు. యజమాని వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఆయన చేతులు గమనించినారా సార్?"

"గమనించాను. మూడు రోజుల్లో ఒక్కసారీ వణకలేదు."

"ఉగాదికి వణికినవి నా చేతులు సార్, నేను పడేసిన ఫారాన్ని తానే పడేసినానని చెప్పి, మీరు కూర్చునే ఆ కుర్చీలోంచి లేచిపోయిన కృష్ణస్వామి మేస్త్రి ఆయనే."