పెండింగ్ లింకులు

పెళ్లి రేపు. పెళ్లికూతురి మేలిముసుగు ఇవాళ పోయింది.

పోగొట్టింది ఎవరో కాదు, పెళ్లికూతురి సొంత చెల్లెలు సుప్రియ. పొద్దున తార్నాక లాండ్రీలో ముసుగు తీసుకుని షేర్ ఆటో ఎక్కింది. ఫోన్లో తల దూర్చుకుని యూనివర్సిటీ గేటు దగ్గర దిగింది. సంచీ ఆటోలోనే ఉండిపోయింది.

పోనీ, కొట్లో కొన్న ముసుగా అది! తల్లి విజయకుమారి కళ్లు పొడుచుకుని ఏడాదిపాటు అల్లిన లేసు. చిన్నప్పుడు నరసాపురంలో నేర్చుకున్న పని. "ఇది వేసుకుని మా గ్లోరీ చర్చిలో నడిచొస్తుంటే చూడాలి" అని ఆవిడ కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

సుప్రియ తార్నాకకు తిరిగి పరిగెత్తింది. స్టాండులో ఆటోవాళ్లను ఒక్కొక్కరినీ బతిమాలింది. నంబరు చూసుకుని ఎక్కితే కదా! మధ్యాహ్నానికి కాళ్లు పీకాయి, గొంతు ఎండింది. అప్పుడు గుర్తొచ్చింది తన పేజీ, 'క్యాంపస్ కబుర్లు'. పీహెచ్‌డీని పక్కకు నెట్టి మరీ పెంచుతున్న పేజీ. ముసుగు ఫొటో చూపిస్తూ, ఏడుపు దిగమింగుకుంటూ, చిన్న వీడియో తీసి పెట్టింది.

పెడితే సరిపోదుగా, నలుగురూ చూడాలి. దానికి గ్రూపు ఉంది. ఇలా పేజీలు నడిపేవాళ్లంతా పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. ఒకరి వీడియోకి మరొకరు లైకు కొట్టి కామెంటు రాస్తే అది పదిమందికీ చేరుతుందట. దీన్నే వాళ్లు 'రిలేషన్స్ పెంచుకోవడం' అంటారు. చాలామంది ఒకరి మొహం ఒకరు చూసిన పాపాన పోలేదు. సుప్రియ అందులో తన వీడియో లింకు వేసింది, నిమిషంలో అది మాయమైంది.

గ్రూపు నడిపే భూపాల్ ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు కింద దొరికాడు.

"నా లింకు ఎందుకు తీసేశావ్ భూపాల్?"

"రూల్ రూలే అక్కా. పొద్దటి సంది నీకు లింకులు పెండింగ్ ఉన్నయ్. రత్నాకర్ వంటలు, దేవేందర్ జిమ్ము. ఇప్పుడే పూజక్క చీరల పేజీది గూడ వచ్చింది. ముందుగాల వాటికి కామెంట్ చెయ్యి, తర్వాత నీది ఎయ్యి."

"రేపు మా అక్క పెళ్లి! ముసుగు పోయి నేనేడుస్తుంటే రూలంటావేంటి?"

"నీ ఒక్కదానికి ఇడిచిపెడితే రేపు అందరు అడుగుతరు. ఎంతసేపక్కా, రెండు నిమిషాల పని."

సుప్రియకు ఒళ్లు మండిపోయింది. వాడితో వాదించే ఓపికా లేదు. పళ్లు నూరుకుంటూ ఒకే కామెంటు టైపు చేసి, ఉన్న లింకులన్నిటి కిందా అంటించేసింది. తన లింకు వేసింది.

ఇక చూడండి కామెంట్లు!

"సూపర్ డిజైన్!" అన్నాడు రత్నాకర్.

"మంట పుట్టించావ్!" అన్నాడు దేవేందర్.

"ధర ఎంత అండీ?" అని ఎవరో. "నీలం రంగులో ఉందా?" అని ఇంకెవరో.

చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో గ్లోరీ ఫోన్.

"దొరికిందా సుప్పీ?"

"వెతుకుతున్నానక్కా."

"అమ్మ అన్నం ముట్టలేదే."

ఫోన్ పెట్టేసరికి ఇంకో కామెంటు వచ్చి ఉంది. తార్నాకలో ఉండే పూజది. "సూపర్ చెల్లె, ఇట్లనే కొనసాగించు!"

ఏం కొనసాగించాలి? నా బొంద!

మర్నాడు సీతాఫల్‌మండి చర్చిలో పెళ్లి జరిగిపోయింది. గ్లోరీ తలమీద ఎవరో అరువిచ్చిన నెట్టు ముసుగు. అది మాటిమాటికీ జారిపోతుంటే పిన్నులు గుచ్చారు. విజయకుమారి ఫొటోలకు నవ్వుతూనే నిలబడింది. కూతురు నడిచి వస్తున్నప్పుడు మాత్రం బైబిలు తెరిచి తల వంచుకుంది.

అది చూశాక సుప్రియ ఆగలేకపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ తీసింది. అందరిమీదా కోపమే, కానీ పూజ మీద మరీను. తార్నాకలోనే ఉండే మనిషి! ఒక్క నిమిషం ఆగి వీడియో చూసి ఉంటే, నాలుగడుగులు వేసి స్టాండులో అడిగేది కాదా! పెద్ద 'చెల్లె' అట, చెల్లె! సిగ్గుండాలి మనిషన్నాక!

గ్రూపులో తిడితే భూపాల్ తీసేస్తాడు. అందుకే నేరుగా పూజ పేజీకే వెళ్లింది. ఆవిడ నిన్న పెట్టిన వీడియో కిందే, నలుగురూ చదివేట్టు, కడిగిపారెయ్యాలనుకుంది. వేలు తగిలి వీడియో మొదలైంది.

లేసు ముసుగును రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, "ఆటోల దొరికింది, ఏ పెళ్లిపిల్లదో పాపం, తెలిసినోళ్లుంటే జర జల్ది చెప్పండి" అని పూజ బతిమాలుతున్న ఆ వీడియో కింద, అన్నిటికన్నా పైన, 'క్యాంపస్ కబుర్లు' కామెంటు ఉంది: "సూపర్, ఇరగదీశారు!"